మెస్కీటా, పాలో వెర్డీయా, ఐరన్‌వుడ్డా: ఎడారి ఇంటికి ఏది మేలు?

సెప్టెంబరు వచ్చిందంటే, అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్, గిల్బర్ట్ వైపు కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "పడమటి ఎండకు గోడలు కాలిపోతున్నాయి, ఏ చెట్టు పెట్టమంటారు?" ఫీనిక్స్‌లో 2023 జూన్ 30 నుంచి వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటాయి. ఆ నెల ఇక్కడ గడిపినవారికి నీడ ఎందుకని ఎవరూ చెప్పనక్కరలేదు. మునగ, వేప, కరివేపాకు సంగతి పక్కన పెడుతున్నాను. ఈ సోనోరన్ ఎడారిలోనే పుట్టి, ఇక్కడి ఎండకూ కరువుకూ అలవాటుపడిన చెట్ల గురించే రాస్తున్నాను. పోటీలో నిలిచేవి మూడు: మెస్కీట్, పాలో వెర్డీ, ఐరన్‌వుడ్. మూడూ చిక్కుడు కుటుంబానివే. ఎండిన కాయ ఒకటి విరిచి చూస్తే మన ఇళ్ళలో తెలిసిన చుట్టరికమే కనిపిస్తుంది.

అడిగేవాళ్ళు నీడ ఎంత, పువ్వు ఎలా ఉంటుంది, ముల్లు ఉందా, ఆకు ఎంత రాలుతుంది అని అడుగుతారు. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. నేను మాత్రం వేరు దగ్గర మొదలుపెడతాను. జులై, ఆగస్టు నెలల్లో దుమ్ము గోడలా లేచి, వెనకే గాలి విరుచుకుపడే సాయంత్రాలు ఇక్కడ మామూలే. అలాంటి సాయంత్రం నిలవని చెట్టుకు ఎంత నీడ ఉన్నా నాలుగేళ్ళ శ్రమ ఒక్క గంటలో పోతుంది. ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నాను.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పెద్ద చెక్కపెట్టెలో పెరిగిన మెస్కీట్‌ను ఒక నర్సరీలో కొని తెచ్చాం. నాటినరోజే తల పైన కొమ్మలున్నాయి. మొదలు పక్కనే రెండు డ్రిప్ గొట్టాలు పెట్టి, పచ్చిక నీళ్ళతోపాటు దానికీ రోజూ పది నిమిషాలు పారేలా కట్టాం. నాలుగేళ్ళలో ఇంటి కప్పు దాటింది. ఆ ఆగస్టులో గాలివాన వచ్చిన మర్నాడు లేచి చూస్తే వీధికి అడ్డంగా పడి ఉంది. కొమ్మ ఒక్కటీ విరగలేదు, చెట్టు మొత్తం కూకటివేళ్ళతో లేచి వచ్చింది. వేళ్ళు పెనమంత పలచగా, అడుగు లోతు కూడా దిగకుండా, ఆ పెట్టె గోడల వెంబడే గుండ్రంగా తిరిగి ఉన్నాయి. పెట్టె ఎప్పుడో తీసేశాం, కానీ వేరు ఇంకా పెట్టెలోనే ఉన్నట్టుంది.

అప్పుడు తెలిసింది, మేం కొన్నది ఈ నేల మెస్కీట్ కాదని. ఇక్కడ "చిలీ మెస్కీట్" పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం దక్షిణ అమెరికా జాతుల సంకరాలు. త్వరగా పెరుగుతాయి, ముళ్ళు తక్కువ, ఆకు చిక్కన. కొనేవారికి ఇంతకంటే ఏం కావాలి? కానీ తల అంత వేగంగా బరువెక్కుతుంటే, రోజూ పైపైన నీరందుతున్న వేరుకు లోతుకు వెళ్ళే అవసరం ఉండదు. గాలివాన మర్నాడు వీధుల్లో పడి కనిపించే చెట్లలో ఇవి ఎప్పుడూ ఉంటాయి.

ఈ నేలకు సొంతమైనది వెల్వెట్ మెస్కీట్. ఆకు వేళ్ళ మధ్య పెట్టి రుద్దితే మెత్తని నూగు తగులుతుంది, రంగులో కాస్త బూడిద కలిసి ఉంటుంది. నర్సరీలో పేరు చీటీని నమ్మకండి, ఆకు తాకి చూడండి. దీని వేరు గురించి వృక్షశాస్త్రవేత్తలు తరచూ చెప్పే ఒక సంగతి ఉంది. అరిజోనాలోనే ఉన్న టుసాన్ నగరం దగ్గర ఒక గని తవ్వుతున్నప్పుడు నేలకు 53 మీటర్ల లోతున మెస్కీట్ వేరు బయటపడిందని 1963లో ప్రచురించారు. మన పెరట్లో అంత లోతు అక్కరలేదు, దిగదు కూడా. కానీ నీరు లోతున ఉందని తెలిస్తే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళే స్వభావం ఈ చెట్టుది. అలవాటు చెడగొట్టకుండా ఉంటే చాలు.

నీడ విషయంలోనూ దీనికి ఒక సుగుణం ఉంది. చలికాలంలో ఆకు రాలుస్తుంది కాబట్టి జనవరిలో కిటికీలోంచి ఎండ లోపలికి వస్తుంది. చలి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాకే చిగురు వేస్తుంది, మే నాటికి గొడుగు సిద్ధం. జూన్ చివర కాయలు పసుపు తిరుగుతాయి. ఒక ముక్క విరిచి నమిలితే బెల్లం తగిలిన తీపి. ఈ ఎడారి ఆదివాసులైన తోహోనో ఓఓధామ్ ప్రజలకు ఈ కాయల పిండి తరతరాల ఆహారం. టుసాన్‌లో డెజర్ట్ హార్వెస్టర్స్ అనే బృందం ఊరివాళ్ళు తెచ్చిన కాయలను మరలో ఆడించి పిండి చేసి ఇస్తుంది. వానలు మొదలవకముందే, కొమ్మ మీద ఉండగానే కోసుకోవాలని వాళ్ళు గట్టిగా చెబుతారు. తడిసి నేలన పడిన కాయకు విషపు బూజు పట్టే ప్రమాదం ఉంది.

మెస్కీట్ అనగానే మనవాళ్ళలో చాలామంది ముఖం చిట్లిస్తారు. కారణం నాకు తెలుసు, మాది కడప జిల్లా. "కంపచెట్టును డబ్బు పెట్టి కొన్నావా?" అని నాన్న ఫోనులో అడిగారు. ఆయన అన్న కంపచెట్టు సర్కారు తుమ్మ. అదీ మెస్కీటే, కానీ వేరే జాతి. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలతో దాన్ని మా కమలాపురం ప్రాంతంలోనే నాటారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు చెరువులనూ బీళ్ళనూ ఆక్రమించింది. పశువులు కాయలు తిని గింజలను ఊరూరా చల్లాయి. అది మన నేలలో పరాయిది, అందుకే దానికి అడ్డులేకుండా పోయింది. వెల్వెట్ మెస్కీట్ ఈ ఎడారికి సొంత బిడ్డ. నిజం చెప్పాలంటే ఇక్కడ కూడా పశువులు విపరీతంగా మేసిన గడ్డిమైదానాల్లోకి ఇది బాగా చొరబడింది, పశువుల పెంపకందార్లకు దీని మీద కోపం ఉంది. పెరట్లో ఒక చెట్టుకు ఆ భయం పెట్టుకోనక్కరలేదు.

ఇంకొక చుట్టరికం నాకు మరింత ఇష్టం. మన జమ్మి, అదే తెలంగాణ రాష్ట్ర వృక్షం, మెస్కీట్లకు దాయాది. చాలా కాలం అన్నిటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 2022లో వృక్షశాస్త్రవేత్తలు వేరు చేసి అమెరికా మెస్కీట్లకు నెల్టూమా అని కొత్త ఇంటిపేరు ఇచ్చారు, పాత పేరు జమ్మికే మిగిలింది. దసరాకు జమ్మి ఆకు దొరకక ఇబ్బందిపడే ఊళ్ళో జమ్మి దాయాది గడపలో ఉండడం నాకు చిన్న విషయం కాదు.

ఇక పాలో వెర్డీ. 1954 నుంచి అరిజోనా రాష్ట్ర వృక్షం. ఏప్రిల్‌లో చెట్టంతా పసుపు పూసి, కింద నేల కూడా పసుపు పరిచినట్టు మారిపోతుంది. ఆ పది పదిహేను రోజులు దానికి సాటి లేదు. బెరడే పచ్చగా ఉంటుంది. కరువులో ఆకులన్నీ రాల్చేసి ఆ పచ్చని బెరడుతోనే ఎండను ఆహారంగా మార్చుకుని బతుకుతుంది. కానీ మనకు నీడ కావలసిన రోజులూ ఆ కరువు రోజులే. చిరుఆకు పాలో వెర్డీ జూన్‌లో ఇచ్చే నీడ జల్లెడ నీడ. దాని కింద చిన్న మొక్కలు హాయిగా పెరుగుతాయి, పడమటి గోడ మాత్రం కాలుతూనే ఉంటుంది. అడవిలో సగువారో కాక్టస్ పిల్లలు ఈ జల్లెడ నీడలోనే కళ్ళు తెరుస్తాయి. కాబట్టి తోట పెంచాలనుకునేవారికి ఇది గొప్ప చెట్టు.

నర్సరీల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది మాత్రం "డెజర్ట్ మ్యూజియం" అనే సంకరం. టుసాన్‌లోని అరిజోనా-సోనోరా డెజర్ట్ మ్యూజియంలో మార్క్ డిమిట్ గుర్తించి పైకి తెచ్చిన చెట్టు ఇది. మూడు పాలో వెర్డీ జాతుల రక్తం ఇందులో ఉంది. ముళ్ళు లేవు, పూత ఎక్కువ కాలం నిలుస్తుంది, చిన్నపిల్లలున్న ఇంటికి నిశ్చింత. మూడు నాలుగేళ్ళలో చెట్టు అనిపించుకుంటుంది. ఆ వేగమే నన్ను వెనక్కి లాగుతుంది. నీరు ఎక్కువైతే కొమ్మలు బలం లేకుండా సాగుతాయి, గాలికి చీలుతాయి. నీటి విషయంలో చేయి బిగపట్టగలిగితే ఇది మంచి ఎంపికే. మా వీధిలో అలా పెంచిన చెట్టు ఒకటి ఏటా గాలివానకు తట్టుకుని నిలుస్తోంది.

మూడోది ఐరన్‌వుడ్. దీని గురించి రాస్తుంటే చేయి ఆగదు. సోనోరన్ ఎడారిలో తప్ప లోకంలో మరెక్కడా సొంతంగా పెరగదు. దాని ప్రజాతిలో అదొక్కటే జాతి. కలప నీళ్ళలో వేస్తే మునుగుతుంది. 800 ఏళ్ళు బతికే చెట్లున్నాయి. అంటే మన కాకతీయుల కాలంలో మొలకెత్తినది ఇప్పటికీ మే నెలలో ఊదారంగు పూలు పూస్తూ ఉండవచ్చు. మెక్సికోలోని సోనోరా తీరాన సేరీ ఆదివాసులు 1960ల నుంచి ఈ కలపతో తాబేళ్ళు, డాల్ఫిన్లు చెక్కి అమ్మారు. తర్వాత ఇతరులు యంత్రాలతో చెక్కడం మొదలుపెట్టాక, బొగ్గు కోసం కొట్టడం కూడా తోడయ్యాక చెట్లకే ముప్పు వచ్చింది. టుసాన్‌కు వాయవ్యాన 2000లో దీని పేరుతోనే ఐరన్‌వుడ్ ఫారెస్ట్ జాతీయ స్మారక ప్రాంతాన్ని ప్రకటించారు. అక్కడి సిల్వర్ బెల్ కొండల్లో ఈ చెట్టున్న చోట్లను ఆశ్రయించుకుని 600కు పైగా జీవజాతులు ఉన్నాయి. దీని కింద నేల చల్లగా, చలి రాత్రుల్లో కాస్త వెచ్చగా, రాలిన ఆకుతో సారవంతంగా ఉంటుంది. ఏడాదంతా ఆకు నిలిచే ఈ చెట్టు నీడ చిక్కన, వేరు గట్టి. మరి ఎందుకు దీనికే ఓటు వేయను? నీరు పోసి పెంచినా నెమ్మదిగానే పెరుగుతుంది. లేత వయసులో గట్టి మంచు పడితే కొమ్మలు మాడతాయి. ముళ్ళు వంగి పట్టుకుంటాయి కాబట్టి నడిచే దారి పక్కన పనికిరాదు. ఇల్లు మారే ఆలోచన లేనివారు, వెనక పెరడు విశాలంగా ఉన్నవారు దీన్ని పెట్టండి. మీ పిల్లల పిల్లలు కృతజ్ఞతతో తలచుకుంటారు.

కస్తూరి తుమ్మ ఇక్కడా దొరుకుతుంది. వాసన బాగుంటుంది, నీడకు చాలదు. పిల్లి గోరులాంటి ముళ్ళున్న క్యాట్‌క్లా పక్షులకు మంచిది, మనకు కాదు. ఫిబ్రవరిలో దారుల పక్కన నీలంగా పూసే లూపిన్లు కూడా ఈ చిక్కుడు కుటుంబమే, గింజలు చల్లి వదిలేయండి.

నా మాట అడిగితే, పడమటి గోడకు వెల్వెట్ మెస్కీట్. షరతు ఒకటే, చిన్న కుండీలోది కొనండి. నాలుగు లీటర్ల కుండీలో మోకాలెత్తు మొక్క చూస్తే నిరుత్సాహం కలుగుతుంది, కానీ దాని వేరు ఇంకా చుట్టు తిరగడం నేర్చుకోలేదు. నాటేముందు వేళ్ళు విడదీసి చూసి, గుండ్రంగా తిరిగినవి ఉంటే కత్తిరించండి. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా నాటితే వేసవికి ముందు వేరుకు వ్యవధి దొరుకుతుంది. గుంత అడుగున తెల్లని సుద్దరాయి పొర తగిలితే గడ్డపారతో పగలగొట్టండి, నీరు అక్కడ నిలిచిపోతే వేరూ అక్కడే ఆగిపోతుంది. అడవిలోంచి మొక్క పెరికి తేవద్దు. ఈ మూడు చెట్లకూ అరిజోనా చట్టం రక్షణ ఉంది, అనుమతి లేకుండా తవ్వడం నేరం.

నీళ్ళ గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి వేసవిలో చెట్టు మొదలు దగ్గర పోయండి. తర్వాత ఏటేటా డ్రిప్ గొట్టాలను బయటికి జరపండి, కొమ్మల అంచు ఎక్కడుంటే అక్కడికి. పోసినప్పుడు రెండు మూడు అడుగుల లోతు తడవాలి. ఇనుప ఊచ దించి చూస్తే తడి ఎంత దిగిందో తెలుస్తుంది. ఆ తర్వాత నేల ఆరనివ్వాలి. ఇక్కడి నగరాల నీటి సంఘం వేళ్ళు నిలదొక్కుకున్న ఎడారి చెట్లకు వేసవిలో 7 నుంచి 21 రోజులకోసారి, చలికాలంలో 30 నుంచి 60 రోజులకోసారి చాలని చెబుతుంది. పచ్చికకు వెళ్ళే నీటితో చెట్టును ఎప్పుడూ కలపకండి. ఊతకర్రలు ఏడాదికి మించి ఉంచకండి. గాలికి ఊగితేనే మొదలు బలపడుతుంది. కింది కొమ్మలను తొందరపడి నరకవద్దు, మాను లావెక్కేది వాటివల్లే.

నా రెండో చెట్టు అలా పెట్టిందే. ఇప్పుడు దానికి ఆరో ఏడు, పడిపోయిన మొదటిది నాలుగేళ్ళలో ఎక్కిన ఎత్తుకు ఇంకా చేరలేదు. రెండు ఆగస్టుల క్రితం వీధిలో మూడు చెట్లు పడిన రాత్రి ఇది ఒక చిన్న రెమ్మ మాత్రమే రాల్చింది. దాని నీడలో చిల్టెపిన్ నాటాను. బఠాణీ గింజకన్నా చిన్న కాయలు కాసే ఈ అడవి మిరప, ఈ ఎడారి కొండల్లో ఇలాంటి చెట్ల నీడలోనే పెరుగుతుంది. కిందటేడు నాన్న వచ్చినప్పుడు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఆకు నలిపి వాసన చూశారు, కాయ విరిచి నోట్లో వేసుకున్నారు. కంప మాట ఎత్తలేదు. సాయంత్రం గుప్పెడు చిల్టెపిన్ కాయలు కోసుకొచ్చి, ఉప్పు, చింతపండు వేసి రోట్లో నూరారు.