మా లా ఆఫీసు వెబ్‌సైట్: 2019 నుంచి వాడుతున్నాక నా మాట

గుంటూరులో భూమి తగాదాలు, చెక్ బౌన్స్ కేసులు ఎక్కువగా చూసే చిన్న ఆఫీసు మాది. సీనియర్ గారు, ఇద్దరు జూనియర్లం, ఒక గుమస్తా. 2019లో వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద వెబ్‌సైట్ పెట్టించాం. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఏజెన్సీవాళ్లు మొదట చూపించిన డిజైన్‌లో కళ్లకు గంతలు కట్టుకున్న న్యాయదేవత, గెలిచిన కేసుల శాతం, క్లయింట్ల పొగడ్తలు, 'జిల్లాలో నంబర్ వన్' అని పెద్ద అక్షరాలు. సీనియర్ గారు చూసి, "బార్ కౌన్సిల్ నోటీసు కూడా మీరే తెప్పించేలా ఉన్నారే" అన్నారు. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన. 2008లో వెబ్‌సైట్‌కి సడలింపు ఇచ్చారు కానీ, అదీ పేరు, చిరునామా, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, చూసే కేసుల రకాలు, అంతవరకే. అందుకే ఆ పొగడ్తలన్నీ తీసేయించాం. నిజానికి సైట్ బాగుపడింది అక్కడే.

బాగా పనికొచ్చింది 'వచ్చేటప్పుడు తేవాల్సిన కాగితాలు' అన్న పేజీ. నిబంధనను అక్షరాలా పట్టుకుంటే దీనికీ అభ్యంతరం చెప్పొచ్చు. పెద్ద ఫర్ములు వ్యాసాలే పెడుతున్నాయి, మేం మా గొప్ప ఒక్క ముక్క రాయకుండా సమాచారం మాత్రమే ఉంచాం. చెక్ బౌన్స్‌కైతే అసలు చెక్కు, బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో, అప్పు కాగితం. పైన ఎర్రగా ఒకే వాక్యం: మెమో అందిన 30 రోజుల్లోపు చెక్కు ఇచ్చినవాళ్లకి నోటీసు వెళ్లాలి. గడువు దాటాక 'ఇంకేం చేయలేమా సార్' అంటూ వచ్చేవాళ్లు ఇప్పుడు తక్కువ. అమెరికాలో ఉన్నవాళ్ల కోసం జీపీఏ (తమ తరఫున పనులు చూసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) పేజీ పెట్టాం: భారత కాన్సులేట్‌లో అటెస్టేషన్, కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ. ఆ పేజీ చదివి డల్లాస్ నుంచి అర్ధరాత్రి మెసేజ్‌లు పెడుతుంటారు. పగలు వాళ్లకి, నిద్ర మాకు!

ఇంకోటి, కోర్టు కేసుల వివరాలు చూపించే ప్రభుత్వ సైట్ ఈ-కోర్ట్స్ లింకు. ప్రతి కేసుకీ ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఎక్కడ కొట్టాలో ఫొటోతో చూపించాం. 'వాయిదా ఎప్పుడండీ' అనే ఫోన్లు బాగా తగ్గాయి. మా గుమస్తాగారికి మాత్రం ఇది నచ్చలేదు, వాయిదా కనుక్కోవడానికి వచ్చినవాళ్లు ఇచ్చే టీ డబ్బులు పోయాయని.

ఇక ఇబ్బందులు. కోర్టు దగ్గర టైపింగ్ అంతా 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలోనే. ఆ ఫైల్ తెచ్చి సైట్‌లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. మొత్తం, ఎక్కడైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించాల్సి వచ్చింది. లాయర్ల సైట్లు తెరవగానే 'నా ఇష్టంతోనే ఈ సైట్ చూస్తున్నాను' అని ఒప్పుకునే డబ్బా ఒకటి మొదట వస్తుంది కదా, చిన్న ఫోన్లలో దాని బటన్ స్క్రీన్ కిందికి పోయి కనిపించేది కాదు. పల్లెల నుంచి చూసేవాళ్లు అక్కడే ఆగిపోయేవాళ్లు. మమ్మల్ని సంప్రదించే ఫారాన్ని నడిపే ప్లగిన్ (అదనపు సాఫ్ట్‌వేర్) ఒక అప్‌డేట్ తర్వాత చడీచప్పుడు లేకుండా పనిచేయడం మానేసింది. దాన్ని తీసేసి వాట్సాప్ బటన్ పెట్టాం, అందరూ అదే నొక్కుతున్నారు.

2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు రాగానే సెక్షన్లన్నీ తిరగరాయాల్సి వచ్చింది. మోసానికి ఐపీసీ 420 కాస్తా బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4), భరణానికి సీఆర్‌పీసీ 125 బదులు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి రెండు నంబర్లూ పక్కపక్కనే ఉంచాం. వర్డ్‌ప్రెస్ వల్ల ఈ మార్పులు ఎవరి సాయం లేకుండా మేమే చేసుకోగలిగాం. దానికి మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను.

అసలు టెన్షన్ పెట్టింది డొమైన్, అంటే సైట్ అడ్రస్. ఏజెన్సీవాళ్లు దాన్ని తమ పేరు మీద రిజిస్టర్ చేసుకుని, రెన్యువల్ దగ్గర అడిగినంత ఇవ్వమన్నారు. బతిమాలి, చివరికి లీగల్ నోటీసు పంపితే గానీ మా పేరుకి మార్చలేదు. సైట్ చేయించుకునేవాళ్లు పని మొదలుపెట్టకముందే డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో కొనండి. హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్) పాస్‌వర్డ్ కూడా ఆ రోజే రాయించుకోండి.