అలెగ్జాండ్రియా: లైబ్రరీకి ఇరవై నిమిషాలు, అత్తరు కొట్టుకి గంట

కైరో నుంచి అలెగ్జాండ్రియాకి ఒక్క రోజు టూర్ బుక్ చేసుకుంటున్నారా? అయితే డబ్బు కట్టే ముందు "మధ్యలో షాపుల దగ్గర ఆపుతారా?" అని అడగండి. ఆపం అంటే ఆ ముక్క వాట్సాప్‌లో రాసి పంపమనండి. మాకు ఫోన్లో "నో షాపింగ్ సార్" అని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మర్యాద ఖరీదు పన్నెండు కాకముందే తెలిసొచ్చింది.

వెళ్ళింది నలుగురం: మాస్టారు, ఆడిటర్, ఆడిటర్ వాళ్ళావిడ (మాకు వదిన), నేను. మాస్టారు తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతారు. డిగ్రీలో క్లాస్‌మేటే అయినా ఉద్యోగం వచ్చిన రోజు నుంచి మాకందరికీ ఆయన మాస్టారే. గీజా పిరమిడ్ల దగ్గర కూడా ఆయన పెద్దగా కదల్లేదు. ఆయన వచ్చింది అలెగ్జాండ్రియా లైబ్రరీ కోసం. నీడల కొలత పట్టుకుని భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరటోస్తనీస్ ఆ లైబ్రరీకి పెద్ద. ఆ పాఠం మాస్టారు ఏటా ఎండలో కర్ర పాతి మరీ చెబుతారు. పాత లైబ్రరీ ఎప్పుడో పోయిందని ఆయనకీ తెలుసు. అయినా ఆ ఊళ్ళో, ఆ సముద్రం పక్కన కట్టిన కొత్తదాన్నైనా చూడాలని ఆయన పట్టుదల.

టూర్ మనిషికి 65 డాలర్లు. ఏసీ వ్యాన్, గైడు, టికెట్లు, మధ్యాహ్నం భోజనం అందులోనే. మేం వెళ్ళినప్పుడు డాలరుకి 49 ఈజిప్షియన్ పౌండ్లు వచ్చాయి. ఒక పౌండ్ అంటే మనకి రూపాయి ముప్పావలా అనుకోండి. పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. 220 కిలోమీటర్ల ఎడారి రోడ్డు, మూడు గంటల నిద్ర.

మొదట తీసుకెళ్ళింది కోమ్ ఎల్ షొకాఫా భూగర్భ సమాధులకి. టూర్ మొత్తంలో గైడు తన జీతానికి న్యాయం చేసింది ఇక్కడే, అది ఒప్పుకోవాలి. 1900లో ఒక గాడిద కాలు గోతిలో దిగబడితే ఈ చోటు బయటపడిందని చెబుతారు. 99 మెట్లు గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగుతాయి. మెట్ల మధ్యలో పెద్ద బావిలా ఖాళీ. మనుషులు మెట్ల మీద దిగుతుంటే, శవాన్ని ఆ ఖాళీలోంచి తాళ్ళతో దించేవారట. అడుగు అంతస్తులో చాలాకాలం నీళ్ళు నిలిచి ఉండేవి. పంపులు పెట్టి తోడి, భూగర్భ జలం మళ్ళీ ఎక్కకుండా చేసిన పని 2019లో పూర్తయింది. గోడల మీద చెమ్మ మరక ఎంత ఎత్తు దాకా ఉందో ఇప్పటికీ కనిపిస్తుంది.

అసలు సమాధి గది ముందు మేం అందరం ఆగిపోయాం. ఇది క్రీస్తు శకం రెండో శతాబ్దం నాటిది. ఊరు గ్రీకులది, పాలన రోముది, చావు పద్ధతి మాత్రం ఈజిప్టుది. గుమ్మానికి అటూ ఇటూ గడ్డాలున్న పాములు, వాటి తలల మీద ఫరోలు పెట్టుకునే జంట కిరీటం. పాముల పైన గుండ్రటి డాలు, డాలు మీద గ్రీకుల మెడూసా తల. లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగితే నక్క తల అనుబిస్ నిలబడి ఉంటాడు. మమ్మీలకి కాపలా దేవుడు, వేసుకున్నది మాత్రం రోమన్ సైనికుడి కవచం. "ఎవరు గెలిచినా గొడవ లేకుండా అందరి యూనిఫాం వేయించారు" అన్నాడు ఆడిటర్.

పక్కనే రాతి అరుగులున్న గది. చనిపోయినవాళ్ళ పేరు మీద బంధువులు ఆ అరుగుల మీద కూర్చుని భోజనాలు చేసేవారట. తిన్నాక గిన్నెలు ఇంటికి పట్టుకెళ్ళకుండా అక్కడే పగలగొట్టి పోయేవారని, పైన దిబ్బనిండా దొరికిన పెంకులు అవేనని గైడు చెప్పాడు. మాస్టారు వెంటనే "మన దగ్గరా అంతేగా, శ్మశానంలో కుండ పగలగొట్టి వెనక్కి చూడకుండా వచ్చేస్తాం" అన్నారు. ఆ మాట గైడుకి ఇంగ్లీషులో చెబితే అతనూ ఆసక్తిగా విన్నాడు. ఆ రోజుకి వాళ్ళిద్దరి స్నేహం అంతవరకే.

చిన్న హెచ్చరిక. లోపల ఒక కాపలాదారు "కమ్, కమ్" అంటూ మూలకి తీసుకెళ్ళి ఫోన్ టార్చ్ వేసి గోడ చూపిస్తాడు. తర్వాత చెయ్యి చాస్తాడు. వదిన 20 పౌండ్లు ఇచ్చింది, అతను నోటు తిప్పి చూసి 50 అన్నాడు. ఇవ్వాలనుకుంటే ముందే చిల్లర జేబులో పెట్టుకోండి, పర్సు మాత్రం తీయకండి.

తర్వాత పాంపే స్తంభం. పేరు రోమన్ సేనాని పాంపేదే కానీ ఆయనకీ దీనికీ సంబంధం లేదు, క్రూసేడర్లు పొరపాటున అంటించిన పేరది. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ గౌరవార్థం 298 ప్రాంతంలో నిలబెట్టారు. అస్వాన్ ఎర్ర గ్రానైటు, అడుగు నుంచి పై దాకా 27 మీటర్లు. ఒకప్పుడు ఇక్కడ సెరాపిస్ దేవుడి గుడి ఉండేది, 391లో కూల్చేశారు. గుడి కింద సొరంగాల్లాంటి దారులున్నాయి. వాటి గోడల్లో గూళ్ళు. పెద్ద లైబ్రరీకి అనుబంధంగా ఉన్న చిన్న లైబ్రరీ పుస్తకాల చుట్టలు ఆ గూళ్ళలోనే పెట్టేవారని కొందరి అభిప్రాయం. మాస్టారు దిగుదామన్నారు. గైడు వాచీ చూసుకుని "నథింగ్ దేర్" అన్నాడు. మాస్టారు వినలేదు, ఒక్కరే దిగి ఐదు నిమిషాల్లో మోకాళ్ళకి దుమ్ముతో, వెలిగిపోతున్న మొహంతో పైకి వచ్చారు.

గైడు తొందర దేనికో అప్పుడు అర్థమైంది. వ్యాన్ సముద్రం ఒడ్డునే సాగే కార్నిష్ రోడ్డు దాటి ఒక సందులోకి తిరిగింది. "ఫైవ్ మినిట్స్, ఫ్రీ టీ, గుడ్ వాష్‌రూమ్." దిగి చూస్తే అత్తరు కొట్టు. చుట్టూ అద్దాల అరలు, రంగురంగుల సీసాలు, మధ్యలో సోఫాలు. మేం కూర్చోగానే తలుపు వేశారు. ఎర్రటి పానీయం గ్లాసుల్లో వచ్చింది. వదిన ఒక గుక్క తాగి, "ఇది మన ఎర్ర గోంగూర కాయల పులుపే కదండీ" అంది. నిజమే, కర్కదే అని వాళ్ళు చెప్పుకునేది గోంగూర మొక్క కాయల మీది ఎర్ర రేకులతో చేసిందే. ఆ కొట్టులో మాకు నచ్చింది అదొక్కటే.

తామర, మల్లె, ఇంకేదో "క్లియోపాత్రా సీక్రెట్". ఒక్కో చేతికి ఒక్కో చుక్క. మాస్టారి రెండు చేతులూ అయిపోయాక మోచేతుల దాకా పూశారు. వంద మిల్లీలీటర్ల సీసా 2,800 పౌండ్లు అన్నాడు. ఆడిటర్ పలకలేదు. 1,900 అన్నాడు. ఆడిటర్ అప్పుడూ పలకలేదు. లేచి నిలబడితే 1,100కి దిగింది. తలుపు దగ్గర 700. గైడు బయట కుర్చీలో కూర్చుని సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తున్నాడు. మొత్తం యాభై ఎనిమిది నిమిషాలు. మేం ఏమీ కొనలేదు. అక్కడి నుంచి గైడు మాతో మాట్లాడటం తగ్గించేశాడు, చరిత్ర కూడా తేదీలతో సరిపెట్టాడు. షాపు కమీషన్ రాలేదన్న కోపం తప్ప నాకైతే వేరే కారణం కనిపించలేదు.

టూర్‌లో కలిపిన భోజనం సముద్రం కనిపించే పెద్ద రెస్టారెంట్‌లో. నిన్నటి చికెన్, నీళ్ళ సూప్. శాకాహారి అయిన వదినకి ఉడికించిన క్యారెట్లు, ఫ్రెంచ్ ఫ్రైస్. నీళ్ళు ఇందులో లేవన్న సంగతి బిల్లు వచ్చాక తెలిసింది. నాలుగు బాటిళ్ళు, రెండు టీలు కలిపి 400. దాని మీద సర్వీసు 12 శాతం, ఆ మొత్తం మీద టాక్సు 14 శాతం, కలిపి 511 పౌండ్లు. సర్వీసు మీద టాక్సు వేశారని ఆడిటర్ లెక్క రెండుసార్లు కట్టాడు. లెక్క కరెక్టే, అందుకే అతనికి ఇంకా ఒళ్ళు మండింది.

కైట్‌బే కోట బాగుంది. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన దీపస్తంభం భూకంపాలకి కూలిన చోటనే 1477లో సుల్తాన్ కైట్‌బే ఈ కోట కట్టించాడు. గాలి మనిషిని తోసేస్తుంది, టోపీ చేత్తో పట్టుకోండి. స్కూలు పిల్లలు మమ్మల్ని చూసి "హింద్! అమితాబ్ బచ్చన్!" అని చుట్టూ మూగారు, ఫొటోలకి వాళ్ళే లైన్ కట్టారు. మాడిపోయిన మా మొహాలు అక్కడ కాస్త తేరుకున్నాయి. ప్రోగ్రాంలో రాసిన రోమన్ థియేటర్ని కంచె బయట నుంచి చూపించారు. మోంతాజా తోటలు అసలు చూపించనే లేదు.

లైబ్రరీకి చేరేసరికి నాలుగు కావస్తోంది. 2002లో ప్రారంభమైన భవనం. 160 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి కప్పు సముద్రం వైపు వాలి ఉంటుంది. లోపల చదువుకునే హాలు అంతస్తులు అంతస్తులుగా కిందికి దిగుతుంది. రెండు వేల మంది కూర్చుని చదువుకోవచ్చు. పై నుంచి వచ్చే వెలుతురు డెస్కుల మీద పడుతుంది కానీ కళ్ళకి గుచ్చుకోదు. చప్పుడు చెయ్యకుండా నడుస్తున్న కాలేజీ పిల్లలని చూస్తూ మాస్టారు రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయారు. 1981లో ఈజిప్టు అధ్యక్షుడు సదాత్‌ని కాల్చి చంపినప్పుడు ఆయన వేసుకున్న యూనిఫాం, నెత్తుటి మరకలతో, ఇక్కడే మ్యూజియంలో ఉంది. మేం దాని దాకా వెళ్ళలేదు. "ట్వంటీ మినిట్స్, ట్రాఫిక్" అని గైడు ముందే తేల్చేశాడు.

బయటి గోడ బూడిదరంగు అస్వాన్ గ్రానైటు. దాని నిండా 120 లిపుల అక్షరాలు చెక్కారు. తెలుగు అక్షరం ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వదిన ఒక వైపు నుంచి, మాస్టారు ఇంకో వైపు నుంచి వెతకడం మొదలుపెట్టారు. గోడ సగం కూడా కాకముందే గైడు చప్పట్లు కొట్టి పిలిచాడు. ఎప్పుడూ గొంతు పెంచని మాస్టారు ఇంగ్లీషులో ఒక్కటే మాట అన్నారు: "పర్ఫ్యూమ్, వన్ అవర్. లైబ్రరీ, ట్వంటీ మినిట్స్." గైడు ఏమీ అనకుండా వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నాడు.

అప్పుడు రంగంలోకి దిగింది డ్రైవర్. పొద్దుటి నుంచి నోరు మెదపని మనిషి. చేత్తో తింటున్నట్టు చూపించి, "సమక్?" అన్నాడు. అంటే చేప. గైడు వద్దంటున్నా అన్‌ఫూషీ అనే పేట వైపు తిప్పాడు. ఐస్ మీద పరిచిన చేపల్లోంచి మనమే ఏరుకోవాలి, తూకం వేసి లోపలికి పంపుతారు. డ్రైవర్ మొప్పలు ఎత్తి చూసి రెండు బూరీ చేపలు తీశాడు, అర కిలో రొయ్యలు వేయించాడు. చేప ఒంటినిండా గోధుమ తవుడు పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. తవుడు నల్లగా బొగ్గై తోలుతో సహా పెచ్చులుగా ఊడొస్తుంది, లోపల మాంసం తెల్లగా, తడి ఆరకుండా ఉంటుంది. దాని మీద నిమ్మకాయ, వెల్లుల్లి, జీలకర్ర. ఉల్లిపాయలు మాడ్చి వండిన గోధుమరంగు అన్నం, నువ్వుల పచ్చడి, పొయ్యిలోంచి తీసిన రొట్టెలు. వదినకి వేయించిన వంకాయ, అన్నం వేరే గిన్నెలో, చేపలు తగలకుండా. అది కూడా డ్రైవరే చెప్పించాడు. అతనితో కలిపి ఐదుగురికి 1,040 పౌండ్లు. ఆడిటర్ బిల్లు చదవకుండా డబ్బిచ్చాడు. గైడుని మూడుసార్లు పిలిచాం, రాలేదు.

మళ్ళీ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: టూర్ కట్టొద్దు. కైరో రామ్‌సెస్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే దాదాపు రెండున్నర గంటల్లో అలెగ్జాండ్రియా. ఊళ్ళో ఊబర్ దొరుకుతుంది. సమాధులు పొద్దునే చూడండి, స్తంభం దగ్గరే. మధ్యాహ్నమంతా లైబ్రరీకి వదిలేయండి. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, ప్రార్థనల వేళ చాలా చోట్ల తలుపులు వేసి ఉంటాయి. ఒక రాత్రి ఉండగలిగితే ఇంకా మంచిది, సాయంత్రం కార్నిష్ మీద ఊరు ఊరంతా నడుస్తుంది. మాకు అది వ్యాన్ కిటికీలోంచే దక్కింది.

రాత్రి హోటల్ ముందు టిప్పు గొడవ. గైడు తనకీ డ్రైవర్‌కీ కలిపి మనిషికి పది డాలర్లు "రూల్" అన్నాడు. ఆడిటర్ ఆ రూల్ కాగితం చూపించమన్నాడు. డ్రైవర్ చేతిలో విడిగా 600 పౌండ్లు పెట్టాం, గైడుకి 150 ఇచ్చాం. అతను అక్కడే లెక్కపెట్టి, మా ముందే జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏజెన్సీ నుంచి ఐదు స్టార్లు ఇవ్వమని మెసేజ్, కింద రివ్యూ కూడా వాళ్ళే రాసి పెట్టారు, మేం అతికించడమే తరువాయి. మాస్టారు దాన్ని చెరిపేసి రెండు స్టార్లు ఇచ్చారు. ఒకటి డ్రైవర్‌కి, ఒకటి అనుబిస్‌కి అని రాశారు.