గీజర్ ఆగిపోతే రీసెట్టా, సర్వీసా, కొత్తదా: ఏది మేలు?

బోరు నీటి మీద నడిచే తిరుపతి ఇళ్ళలో గీజర్ ఆగిపోతే మూడు దారులు కనిపిస్తాయి. లోపలి కట్‌అవుట్ బొత్తాం నొక్కి మళ్ళీ నడిపించడం ఒకటి, మెకానిక్ చేత విప్పించి శుభ్రం చేయించడం రెండవది, పాతది తీసేసి కొత్తది బిగించుకోవడం మూడవది. ఈ ప్రాంతపు నీటికి ఎక్కువ సందర్భాలలో రెండవదే మేలని నా అభిప్రాయం. అయితే మొదటిది చేసి చూస్తే గాని దాని అవసరం ఉందో లేదో తేలదు.

నిలువ గీజర్‌లో వేడిని అదుపులో ఉంచేది థర్మోస్టాట్. అది పనిచేయక నీరు మరీ కాగితే కరెంటును తెంపేసేది కట్‌అవుట్. నీరు చల్లబడగానే థర్మోస్టాట్ తనంతట తానే కలుస్తుంది. కట్‌అవుట్ మాత్రం చాలా మోడళ్ళలో చేత్తో నొక్కేదాకా కలవదు. మూత విప్పితే థర్మోస్టాట్ దగ్గర కనిపించే చిన్న బొత్తామే అది. విప్పే ముందు గోడ స్విచ్ ఆపడం చాలదు. మెయిన్ బోర్డులో గీజర్ లైనుకున్న స్విచ్ (ఎంసీబీ) దించి, ప్లగ్గు కూడా పీకేయాలి. నీరు చల్లారాక బొత్తాం నొక్కి, మూత బిగించి, వేడినీటి కుళాయిలో నీరు గాలి లేకుండా ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడే కరెంటు ఇవ్వాలి. మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయినప్పుడు నీటిని వెనక్కు పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు పట్టక గీజర్‌లోని నీరు వెనక్కు జారిపోయి, ఎండు కాయిల్ వేడెక్కి కట్‌అవుట్ పడి ఉంటే, ఈ కాస్త పనితోనే గీజర్ మళ్ళీ నడుస్తుంది. ఆ వాల్వును మాత్రం తరువాత మార్పించుకోవాలి.

నొక్కిన కొద్ది రోజులకే మళ్ళీ పడిపోతే ఇక నొక్కకూడదు. థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు. అప్పుడు ట్యాంకు పగలకుండా కాపాడేవి కట్‌అవుట్, ఒత్తిడి పెరిగితే నీటిని బయటకు వదిలే ప్రెషర్ వాల్వు మాత్రమే. గీజర్ వేయగానే పడేది మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే తెంపేసే ఆర్‌సీసీబీ అయితే విషయం ఇంకా తీవ్రమైనది. ఇళ్ళలో సాధారణంగా వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెంపేస్తుంది కనుక, కాయిల్ తొడుగు చిట్లి కరెంటు నీటిలోకి పాకుతోందని అనుమానించాలి. దాన్ని పదే పదే ఎత్తి స్నానం కానిచ్చేవారు ఉన్నారు, అంతకంటే తెలివితక్కువ పని మరొకటి లేదు.

తిరుపతికి కల్యాణి డ్యాం నీరు, తెలుగుగంగ నీరు వస్తున్నా, అనేక అపార్టుమెంట్లలో స్నానాల గదికి చేరేది బోరు నీరే. చిత్తూరు వైపూ అంతే. ఆ నీటిలోని సున్నం వేడికి విడిపడి కాయిల్ మీద తెల్లని గారగా పేరుకుంటుంది. వేడి సరిగా నీటిలోకి పోలేక కాయిల్ అతిగా కాలుతుంది, లోపల చిటపట శబ్దం వస్తుంది, కట్‌అవుట్ ఊరికే పడుతుంది. ఈ లక్షణాలున్నప్పుడు సర్వీసే సరైన మార్గం. మెకానిక్ నీరు వదిలి, కాయిల్ ఉన్న ఫ్లాంజి విప్పి, గార గీకి, గ్యాస్కెట్టు మార్చి, ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే కొత్తది వేస్తాడు. బాత్రూం యాసిడ్ పోసి పని ముగించబోతే ఒప్పుకోకండి, అది కాయిల్‌ను, ట్యాంకు లోపలి పూతను తినేస్తుంది. తరువాత థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలకు మించకుండా ఉంచుకుంటే గార నెమ్మదిగా పడుతుంది.

నీరు ఆలస్యంగా కాగుతున్నంత మాత్రాన గీజర్‌ను తప్పుపట్టకూడదు. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల కాయిల్ 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు సుమారు 18 నిమిషాలలో తెస్తుంది. వోల్టేజీ 200కు పడితే శక్తి నాలుగో వంతు తగ్గి, అదే పనికి 24 నిమిషాలు పడుతుంది. అది లైన్ సమస్య, మెకానిక్‌కు డబ్బులిచ్చి ప్రయోజనం లేదు.

ట్యాంకు ఒంటి నుంచే నీరు కారుతుంటే కొత్తది తప్పదు, తుప్పు పట్టిన అతుకు మీద వెల్డింగ్ నిలవదు. ప్రెషర్ వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు రెండు చుక్కలు పడటం మాత్రం నీరు వ్యాకోచించడం వల్లనే. దాన్ని చూసి మంచి గీజర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయనక్కరలేదు. కొనేటప్పుడు బోరు నీటి ఇళ్ళకు 15 లీటర్ల నిలువ గీజరే నా ఎంపిక. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చోటు తక్కువే తీసుకుంటుంది గాని, 3000 వాట్లకు 13 ఆంపియర్లు లాగుతుంది; పాత ఇంటి సన్నని వైరు అంత భారం మోయలేదు. మిద్దె మీద సోలార్ పెట్టుకుంటే ఏడాదిలో ఎక్కువ భాగం కరెంటు ఖర్చు మిగిలినా, ఈశాన్య రుతుపవనాల మబ్బు పట్టే నవంబరు, డిసెంబరు నెలల్లోనే వేడినీటి అవసరం ఎక్కువ కనుక, లోపల విద్యుత్ కాయిల్ ఉన్నదే తీసుకోవాలి, ఆ కాయిల్‌కూ ఇదే గార పడుతుంది.