జిరాక్స్ షాపులో వైఫై డబ్బా: ఏడు నెలల లెక్క

మాది హైదరాబాద్ అశోక్ నగర్‌లో చిన్న జిరాక్స్ షాపు. చుట్టూ హాస్టళ్లు, స్టడీ హాళ్లు, గ్రూప్స్‌కీ ఎస్సైకీ చదివే పిల్లలు. ఏడు నెలల కింద ఒక కంపెనీ ఏజెంటు వచ్చి, పీఎం వాణి అని కేంద్రం పబ్లిక్ వైఫై పథకం ఉంది, ఆ డబ్బా పెట్టించుకో అన్నా, కూపన్లు అమ్ముకో, నెలకి ఐదారు వేలు ఊరికే వస్తాయి అన్నాడు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నా బాధ సగం వాళ్లతో, సగం ఈ వ్యాపారంతోనే. పెట్టాలా వద్దా అని ఆలోచించేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

పథకం మంచిదే. 2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చేసింది. పాత ఎస్టీడీ బూత్ గుర్తుందా, ఇంచుమించు అదే పద్ధతి, ఫోన్ బదులు నెట్ అమ్ముతాం. షాపువాడికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫీజు లేదు. లాగిన్లూ లెక్కలూ చూసుకునే కంపెనీ వేరే ఉంటుంది, వాళ్లు టెలికాం శాఖ దగ్గర రిజిస్టర్ అవుతారు. చిక్కంతా వెనకాల ఉండే బ్రాడ్‌బ్యాండ్ దగ్గర ఉండేది. ఇంటి కనెక్షన్ తీసుకుని అమ్ముకుంటానంటే బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఊరుకునేవి కాదు, లీజ్డ్ లైన్ అని ఆఫీసులకిచ్చే ఖరీదైన ప్రత్యేక లైన్ తీసుకోమనేవి, ఆ బిల్లు కట్టాలంటే నేను జిరాక్స్ మిషన్ అమ్ముకోవాలి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆర్డర్ ఇచ్చింది, 200 ఎంబీపీఎస్ దాకా ఇలాంటి షాపులకి మామూలు ఇంటి ప్లాన్ రేటుకి రెండింతలు మించి తీసుకోకూడదని. అది వచ్చాకే నేను ధైర్యం చేశాను. నాకు 100 ఎంబీపీఎస్ ప్లాన్ 700కి వచ్చింది, జీఎస్టీతో 826.

డబ్బా 3,200. కూపన్ పది రూపాయలు, ఒక రోజు, 5 జీబీ. అందులో నాకు ఏడు, కంపెనీకి మూడు. కరెంటు ఎనభై దాకా అవుతుంది. అంటే నెలకి 906 ఖర్చు, 130 కూపన్లు పోతే గానీ చేతికి పైసా రాదు. రోజుకి నాలుగైదు కూపన్లే కదా, ఇంతమంది పిల్లలున్న సందులో అదెంత అనుకున్నాను. మొదటి నెల 41 పోయాయి. రెండో నెల 58.

ఎందుకు పోలేదో కూర్చుని చూస్తే అర్థమైంది. పొద్దున్న ఎవడికీ వైఫై అక్కర్లేదు, అందరి ఫోన్లోనూ రోజుకి జీబీన్నరో రెండో ఉంటుంది. 5జీ ఫోనూ, రెండు జీబీల ప్లానూ ఉన్నవాడైతే అసలు నా మొహమే చూడడు, వాడికి 5జీ అన్‌లిమిటెడ్. వచ్చేది పాత ఫోనువాడు, అదీ రాత్రి ఎనిమిది తర్వాత, రెండు వీడియో క్లాసులు చూసేసరికి డేటా అయిపోయినవాడు. "అన్నా, నెట్ అయిపోయింది, ఒక కూపన్ ఇయ్యవా" అంటూ వస్తారు. పదకొండున్నర దాటితే మళ్లీ ఎవరూ రారు, పన్నెండింటికి రేపటి డేటా పడుతుంది కదా, అరగంట ఆగలేరా. అంటే ఈ వ్యాపారం మొత్తం రోజుకి మూడున్నర గంటలది. ఏజెంటు ఈ ముక్క చెప్పలేదు, పాపం వాడికీ తెలిసుండదు.

ఇక వాడే తీరు గురించి, ఇక్కడే నాకు ఒళ్లు మండేది. కూపన్ కొనడానికి యాప్ దించుకోవాలి. నెట్ అయిపోయి వచ్చినవాడిని నెట్‌తో యాప్ దించుకోమంటే ఏమంటాడు? మొదటి నెలంతా నా సొంత ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఒక్కొక్కడికి యాప్ దింపించాను, అంటే పది రూపాయల కూపన్ అమ్మడానికి నా డేటా ఎదురు పెట్టాను. తర్వాత డబ్బు కట్టడం. డేటా అయిపోయాక స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, యూపీఐ చక్రం తిరుగుతూనే ఉంటుంది. చిల్లర ఇవ్వరా అంటే పది రూపాయల బిళ్ల తీస్తాడు. మన హైదరాబాద్‌లో ఆ బిళ్ల తీసుకునే షాపు నాదొక్కటే అయ్యుంటుంది.

అసలు కథ ఓటీపీది. మా కింద సెల్లార్లో స్టడీ హాల్ ఉంది, నలభై సీట్లు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు, నిజంగా వైఫై కావాల్సిన చోటు అదే. కానీ నా డబ్బా పైనుంది, స్లాబు దాటి కిందికి దిగదు. మూడో నెలలో మొండికేసి 1,800 పెట్టి ఇంకో డబ్బా, 1,150 పెట్టి కేబులు, మెట్ల మలుపులో బిగించాను. నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. లాగిన్ అవ్వాలంటే ఫోనుకి ఓటీపీ రావాలి, అది రావాలంటే సిగ్నల్ ఉండాలి. కుర్రాడు ఫోన్ పట్టుకుని మెట్లెక్కి రోడ్డు మీదికొచ్చి ఓటీపీ చూసుకునేసరికి వైఫై కట్. దిగి మళ్లీ కలిసేసరికి యాప్ మళ్లీ మొదటికి. చివరికి ఏడో మెట్టు కనిపెట్టారు, అక్కడ నిలబడితే సిగ్నల్ ఒక గీత, వైఫై రెండు గీతలు. ఇప్పుడు రాత్రి ఎనిమిదికి ఆ మెట్టు దగ్గర చిన్న క్యూ ఉంటుంది.

దానికి తోడు ఫోన్లలో ప్రైవేట్ మ్యాక్ అడ్రస్ అని ఒకటుంది, అంటే వైఫైకి ఫోను చూపించే గుర్తింపు నంబరు, అది మారితే డబ్బాకి కొత్త ఫోనులా కనిపించి మళ్లీ ఓటీపీ అడుగుతుంది. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "రీస్టార్ట్ చేయండి సార్" అన్నారు.

అయినా మెట్ల డబ్బా పెట్టిన నెలలో 119 పోయాయి, ఆ తర్వాత పరీక్షల నెలలో 212. ఆ పరీక్షల నెలలో రెండు డబ్బాల ఖర్చు 930 పోను 554 మిగిలింది, మా ఆవిడకి బిర్యానీ తెచ్చాను. పోయిన నెల 133, మిగిలింది అక్షరాలా ఒక్క రూపాయి. ఏడు నెలలూ కలిపితే 870 కూపన్లు, 372 నష్టం, డబ్బాలకీ కేబులుకీ పెట్టిన 6,150 ఇంకా ఇందులో వేయలేదు.

మరి తీసేయలేదేంటి అంటారా. కూపన్‌కి వచ్చినవాడు అదే నెట్‌లో పీడీఎఫ్ దించి నలభై పేజీలు ప్రింట్ తీయమంటాడు. రాత్రి ప్రింట్ల గల్లా బాగానే పెరిగింది. అది వైఫై వల్ల అని నేనంటాను, తొమ్మిదికి మూసే షాపు పదకొండున్నర దాకా తెరవడం వల్ల అని మా ఆవిడంటుంది. ఆమె లెక్కే కరెక్టేమో అని అనుమానం.

పెద్ద పెద్దవాళ్లకే ఇది గిట్టలేదులెండి. గూగుల్ రైల్వే స్టేషన్లలో నాలుగు వందలకి పైగా చోట్ల ఫ్రీ వైఫై నడిపి, డేటా చవకైపోయింది, ఇక అవసరం లేదని 2020లో చెప్పి తప్పుకుంది. ఫేస్‌బుక్ ఎక్స్‌ప్రెస్ వైఫై 2022లో మూతపడింది. మన దగ్గర 2017లో హైఫై అని ఫ్రీ వైఫై పెట్టి ఎంత హడావిడి చేశారు, ట్యాంక్ బండ్ మీద అంతకు ముందే పెట్టారు. 2016లో జియో వచ్చాక జేబులోనే నెట్ ఉంటే రోడ్డు మీది వైఫై ఎవడిక్కావాలి. సెల్లార్లు, మందం గోడల హాస్టళ్లు, లాప్‌టాప్ తెచ్చుకునేవాళ్లు కూర్చునే చోట్లు, ఇవే మిగిలాయి. అలాంటి చోటుంటే డబ్బాకి అయిదుకి మూడు స్టార్లిస్తాను. రోడ్డు పక్క పాన్ డబ్బాకైతే ఒకటి కూడా దండగ. మా కంపెనీ యాప్‌కి అర.

ఇప్పుడు నాకు పోటీ ఎదురు టీ కొట్టు బాబాయ్. తన ఇంటి వైఫై పాస్‌వర్డ్ గోడ మీద సుద్దతో రాసి పెట్టేశాడు, టీ తాగితే నెట్ ఫ్రీ. బాబాయ్, అలా పెట్టకు, 2008లో ఎవరిదో తాళం లేని వైఫై వాడుకుని టెర్రరిస్టులు మెయిళ్లు పంపితే పోలీసులు ఆ ఇంటాయన తలుపే కొట్టారు, ఆ తర్వాతే 2009లో పబ్లిక్ వైఫైకి ఈ లాగిన్ల రూల్ వచ్చింది, రేపు నీ లైన్లో ఎవడేం చేసినా నువ్వే జవాబు చెప్పాలి అన్నాను. పాపం భయపడి తడిగుడ్డతో తుడిచాడు. సరిగా పోలేదు, చివరి నాలుగంకెలు ఇంకా కనిపిస్తున్నాయి, మిగతావి పిల్లలకి ఎప్పుడో నోటికొచ్చేశాయి.