కేబుల్ బ్రిడ్జి సరే, మీరాలం చెరువు కట్ట చూశారా?

హైదరాబాద్‌లో పెద్ద కట్టడాలు చూడాలంటే అందరూ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికే పంపిస్తారు. 2020లో తెరిచారు, మధ్య స్పాన్, అంటే రెండు స్తంభాల నడుమ దూరం, 233 మీటర్ల పైమాటే. రాత్రి లైట్లలో బాగుంటుంది, కాదనను. కానీ సెల్ఫీలు దిగేవాళ్లను తప్పించుకుంటూ కాసేపు నిలబడితే చూడ్డం అయిపోయినట్టే.

నా ఓటు మీరాలం చెరువుకి. జూపార్కును ఆనుకునే ఉంటుంది. 1800ల తొలి ఏళ్లలో కట్టిన ఆ రాతికట్ట తిన్నగా ఉండదు. 21 అర్ధవృత్తాల గోడలు పక్కపక్కనే, పొట్టలన్నీ నీటివైపుకే. నీటి ఒత్తిడి ఆ వంపు వెంట పాకి రెండు కొసల్లోని దిమ్మెల మీదకు పోతుంది. రాయి నొక్కుడుకు ఆగుతుంది గానీ లాగితే పగులుతుంది. అందుకే ఈ వంపులు. కెనడాలో 1960ల్లో 214 మీటర్ల ఎత్తు లేపిన డేనియల్ జాన్సన్ డ్యామ్‌దీ ఇదే పద్ధతి. మాది రాజమండ్రి, కాటన్ దొర 1852 నాటి ఆనకట్ట తర్వాతే ఏదైనా అనుకునేవాళ్లం. ఇక్కడ మా బావ కూడా "ఇది మనదానికంటే పాతదిరా" అని ఒప్పేసుకున్నాడు.

అయితే వివరం చెప్పే గైడ్ ఒక్కరూ దొరకలేదు, ముందే చదువుకుని వెళ్లండి. సోమవారం జూకి సెలవు.

గోల్కొండలో గైడ్లకు కొదవ లేదు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించి డబ్బులు తీసుకుంటారు. అక్కడితో వదలకండి. నీళ్లను అంచెలంచెలుగా కొండ మీదికి ఎలా చేర్చారో, గోడల్లోని మట్టి గొట్టాలు ఎక్కడున్నాయో చూపించమని అడగండి. అసలు సంగతి అదే. గైడ్‌తో బేరం మాత్రం కొండ ఎక్కకముందే తేల్చుకోవాలి.

బస మెహదీపట్నంలో అయితే మేలు. గచ్చిబౌలి వైపు గదులు తళతళలాడతాయి గానీ రేట్లు మండిపోతున్నాయి, పైగా సాయంత్రం ట్రాఫిక్‌లో టెన్షన్. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లు పొద్దున తొమ్మిది దాటాక వచ్చాయి, అడిగితే "గీజర్ కొత్తది సార్" అన్నారు! ఆ ఒక్కటి తప్ప గది శుభ్రమే. ఆరాంఘర్ వైపుకి 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అక్కడే మొదలవుతుంది కాబట్టి మీరాలంకి పోవడం సులువు.

టైం మిగిలితే గండిపేట జలాశయం. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టి, 1920కి పూర్తిచేశారు. తిరుగుప్రయాణానికి క్యాబ్ దొరకదు, వెళ్లిన ఆటోనే ఆపి ఉంచుకోండి.