హావ్‌లాక్, నీల్ దీవులు: ఏ నెలలో వెళ్తే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది?

ట్రావెల్ ఏజెన్సీలు అండమాన్‌కు అక్టోబరు నుంచి మే దాకా ఒకటే సీజన్ అని చెప్పి ప్యాకేజీలు అమ్ముతాయి. ఆ ఎనిమిది నెలలూ ఒకేలా ఉండవు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. డిసెంబరు ఆఖరి పది రోజులు విపరీతమైన రద్దీ, దానికి తగ్గ రేట్లు. మే సగం దాటితే వానాకాలం వచ్చినట్టే. ఇవన్నీ తీసేస్తే నికరంగా మిగిలేది జనవరి రెండో వారం నుంచి ఏప్రిల్ మూడో వారం వరకు. అందులోనూ ఒక్క నెల తేల్చి చెప్పమంటే మార్చి అంటాం. వానకంటే ముందు సముద్రాన్నీ, బోట్లనీ చూసి చెప్తున్న మాట ఇది.

హావ్‌లాక్‌కు 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని పేర్లు మారాయి. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, జెట్టీలో పిలిచేది ఎక్కువగా పాత పేర్లతోనే. రెండు దీవులకూ విమానం లేదు. హెలికాప్టర్ ఉన్నా పర్యాటకులకు సీటు దొరికేది అరుదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి బోటెక్కాల్సిందే. కాబట్టి బోటు తిరిగే రోజులే మీ సెలవు రోజులు. బోటు ఆగితే ఎంత ఖరీదైన రిసార్టు బుక్ చేసుకున్నా అది పనికిరాదు, లేదంటే అందులోంచి బయటపడలేరు.

బోట్లు రెండు రకాలు. ప్రభుత్వ బోట్లు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరతాయి. హావ్‌లాక్‌కు రెండు నుంచి రెండున్నర గంటలు. టికెట్టు ప్రైవేటు బోటుకంటే బాగా చవక. మొదటి బోటు తెల్లవారాక ఆరు, ఆరున్నరకే ఉంటుంది. సీట్లు కొద్ది రోజుల ముందు మాత్రమే అమ్మకానికి వస్తాయి, దీవుల్లో ఉండేవాళ్లకు కోటా ఉంటుంది, అందువల్ల రద్దీ రోజుల్లో మనకు దొరకడం గగనం. ప్రైవేటు కాటమరాన్‌లు, అంటే రెండు పొట్టల వేగం పడవలు, హాడో జెట్టీ నుంచి నడుస్తాయి. గంటన్నరలో చేరుస్తాయి, టికెట్టు వెయ్యి రూపాయల పైనే, నెలా రెండు నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. హావ్‌లాక్ నుంచి నీల్‌కు మరో గంట.

సౌకర్యం విషయంలో మా ఓటు, సముద్రం నెమ్మదిగా ఉన్న నెలల్లో ప్రభుత్వ బోటుకే. డెక్ మీదికి వెళ్లి గాలి పీల్చుకోవచ్చు, ఎగిరే చేపలు కనిపిస్తాయి, కడుపులో తిప్పడం తక్కువ. కాటమరాన్‌లు చాలావరకు నాలుగు వైపులా మూసి ఉన్న ఏసీ హాళ్లు. అల లేచిందంటే లోపల కూర్చున్నవాళ్లకు దిక్కు తోచదు. రెండు పొట్టల పడవ కాబట్టి పక్కలకు ఊగేది తక్కువే, కానీ ఎదురు అలకు ముక్కు ఎత్తి కొడుతుంది. అందుకే ముందు వరుసలు వద్దు. కింది అంతస్తులో, మధ్యకు కాస్త వెనగ్గా, నడవా పక్క సీటు అడగండి. అద్దం పక్క సీటుకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ, ఉప్పు నీళ్లు కొట్టుకొట్టి అద్దంలోంచి పెద్దగా ఏమీ కనిపించదు. వాంతుల మాత్ర జెట్టీలో వేసుకుంటే ఆలస్యమైనట్టే, అది బయల్దేరడానికి గంట ముందు కడుపులో ఉండాలి. పిల్లలకు, గర్భిణులకు డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కడం కూడా తప్పే. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని ఎక్కాలి. నూనె పూరీలు దిగాక తినొచ్చు.

ఇక నెలల సంగతి. నైరుతి రుతుపవనాలు దేశంలో మొదట తాకేది ఇక్కడే, మామూలుగా మే మూడో వారంలో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు 400 మిల్లీమీటర్లు అటూ ఇటూగా కురుస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడే వానలో సగం ఇక్కడ ఒక్క నెలలో పడుతుందన్నమాట. ఆ నాలుగు నెలలూ పడమటి గాలికి బోట్లు ఏ రోజు ఆగుతాయో తెలియదు. మట్టి కొట్టుకొచ్చి నీళ్లు మసకబారతాయి, స్కూబా చేసినా చూడ్డానికి ఏమీ ఉండదు. హోటల్ రేట్లు సగానికి పడిపోయేది అందుకే. సెల్యులార్ జైలు, మ్యూజియంలు, పచ్చటి అడవి చూస్తే చాలు, దీవి దాటకపోయినా ఫర్వాలేదు అనుకునేవాళ్లు మాత్రమే ఆ రేట్లకు ఆశపడాలి.

అక్టోబరు, నవంబరు మన తెలుగువాళ్లను ఎక్కువగా దెబ్బతీసే నెలలు. దసరా సెలవులు, దీపావళి సెలవులు అప్పుడే మరి. ఆకాశం తేటగా కనిపిస్తుంది, బ్రోషర్లలో సీజన్ మొదలైందని రాస్తారు. కానీ బంగాళాఖాతంలో మన తీరానికి వచ్చే తుపాన్లు చాలావాటికి పుట్టిల్లు ఆ సముద్రమే. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖను కొట్టింది. అంతకు నాలుగు రోజుల ముందు, 8న, అండమాన్ దీవుల మీదుగానే దాటింది. 2013 నవంబరులో లెహర్ పోర్ట్ బ్లెయిర్ దగ్గర దీవులను దాటి, బలహీనపడి మచిలీపట్నం వైపు వచ్చింది. డిసెంబరు మొదటి రెండు వారాలు కూడా భద్రం అనుకోవడానికి లేదు. 2016 డిసెంబరులో, తర్వాత వార్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్‌లలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుబడిపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది. దసరాకే వెళ్లాలి, మరో దారి లేదు అంటే కనీసం రెండు రోజులు ఖాళీగా పెట్టుకుని, తేదీ మార్చుకోగల విమానం టికెట్లే కొనండి.

డిసెంబరు 20 నుంచి జనవరి 5 దాకా సముద్రం పర్వాలేదు, జేబుకే కష్టం. బోటు సీట్లు ముందే అయిపోతాయి, రాధానగర్ బీచ్‌లో సాయంత్రం కాలు పెట్టడానికి చోటుండదు. పొద్దు కూడా తొందరగా వాలుతుంది. దీవులు అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మన భారత కాలమానమే, దాంతో ఆ రోజుల్లో సాయంత్రం ఐదుకే సూర్యాస్తమయం. మధ్యాహ్నం బోటులో దిగి, గదిలో సామాను పడేసి, భోంచేసి బయల్దేరేసరికి చీకటి పడిపోతుంది. ఏ నెలలో వెళ్లినా ఇక్కడ రోజును ఐదున్నరకు మొదలుపెట్టి ఐదున్నరకు ముగించాలి. మన ఊళ్లోలా పది గంటలకు టిఫిన్ చేసి బయటపడితే సగం రోజు పోయినట్టే.

సంక్రాంతి సెలవులు మంచి ఎంపిక. బడికెళ్లే పిల్లలున్నవాళ్లకు ఇంతకన్నా మంచి వారం దొరకదు. వాన తక్కువ, ఉక్కపోత తక్కువ, నీళ్లు తేరుకుంటూ ఉంటాయి. అప్పుడు ఉండే ఒకే ఇబ్బంది ఈశాన్య గాలి. అది ఏ బీచ్‌కు వెళ్లాలో తేల్చేస్తుంది, ప్యాకేజీల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

హావ్‌లాక్‌లో రాధానగర్ పడమటి ఒడ్డున ఉంటుంది. విజయనగర్, కాలాపత్థర్ తూర్పు ఒడ్డున. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి తూర్పు బీచ్‌ల్లో నీళ్లు గలగలమంటూ, కాస్త మట్టిగా ఉంటాయి. మధ్యలో అడవి, కొండ అడ్డుండి రాధానగర్ మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా దీనికి సరిగ్గా తిరగబడుతుంది. రాధానగర్‌లో అలలు విరుచుకుపడతాయి, లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, లైఫ్‌గార్డులు నీళ్లలోకి దిగనివ్వరు. వాళ్లతో వాదించకండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ గాలి పోయి ఆ గాలి ఇంకా రాదు. ఆ నడిమి వారాల్లో పొద్దున పూట సముద్రం పళ్లెంలో పోసిన నూనెలా కదలకుండా ఉంటుంది, రెండు ఒడ్డులూ ఈతకు పనికొస్తాయి, బోటు ఊగదు, నీళ్లలో ఇరవై మీటర్ల దూరం కనిపించే రోజులు కూడా ఉంటాయి. మార్చికి మా ఓటు వెనక ఉన్న కారణం ఇదే. రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో మాత్రం ఏ నెలలోనూ దిగకండి. 2010లో అక్కడ మొసలి ఒక పర్యాటకురాలి ప్రాణం తీసింది.

నెల కుదిరాక తిథి చూడండి. నవ్వులాట కాదు, గోడమీది తెలుగు క్యాలెండరు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ రెండు మూడు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. నీల్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న సహజ రాతి వంతెన చూడాలంటే ఆ పాటు వేళే కావాలి. నీరు అడుగంటడానికి గంట ముందు వెళ్లి, తిరిగి ఎక్కడం మొదలవగానే వచ్చేయాలి. రాళ్ల గుంటల్లో సముద్ర దోసకాయలు, చిన్న పీతలు కనిపిస్తాయి. రాళ్లు జారతాయి, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తప్పనిసరి. అదే పాటు వేళ విజయనగర్‌లోనో, నీల్‌లోని భరత్‌పూర్‌లోనో ఈతకు దిగితే మోకాలి లోతు నీళ్లలో పగడపు రాళ్లు కోసుకుంటాయి. అక్కడికి పోటు వేళ వెళ్లాలి. ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, మర్నాటికి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. నిన్న పది గంటలకు బాగుందని ఇవాళ కూడా పదికే వెళ్లకండి.

రాత్రి కయాక్‌లో వెళ్లి నీళ్లలో మెరిసే వెలుగులు చూడాలనుకుంటే అమావాస్యకు అటూ ఇటూ ఐదు రోజులే డబ్బుకు న్యాయం చేస్తాయి. వెన్నెల్లో అవి కనిపించవు, అయినా టికెట్లు అమ్ముతూనే ఉంటారు. లోతు డైవింగ్ వాళ్లకు అష్టమి, నవమి రోజులు మేలు, ప్రవాహం తక్కువ. మొదటిసారి చేసేవాళ్లను ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని పన్నెండు మీటర్ల లోపే తీసుకెళ్తాడు కాబట్టి వాళ్లకు తిథితో పెద్ద పని లేదు. ఆస్తమా, చెవి సమస్యలు, గుండె జబ్బు ఉంటే ఫారంలో దాచకండి. డైవింగ్ చేసిన తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, లేకపోతే రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డైవింగ్ మొదటి రోజుల్లోనే పెట్టుకోండి.

ఏప్రిల్ గురించి రెండు హెచ్చరికలు. నీళ్లు ఏడాదిలోకెల్లా వెచ్చగా ఉంటాయి, కొన్నేళ్లలో అది పగడాల ప్రాణాలు తీసింది. 2010 వేసవిలో ఇక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. రెండోది మంచినీళ్లు. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధాన ఆధారం ధనికారి డ్యామ్, వేసవిలో అది అడుగంటితే కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు కూడా రావు. చవక లాడ్జీలో దిగేముందు నీళ్ల సంగతి అడిగి మరీ డబ్బు కట్టండి. చేపల ప్రియులు మరొకటి గుర్తుంచుకోవాలి. మన తీరంలోలాగే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం అక్కడా ఉంటుంది, చిన్న పడవలు తెచ్చిన చేపలతోనే సరిపెట్టుకోవాలి.

విశాఖ నుంచి ఓడలో వెళ్లాలని చాలామందికి ఉంటుంది. రెండున్నర రోజుల ప్రయాణం, నెలకు ఒకటి దొరికితే గొప్ప, తేదీలు ముందుగా తెలియవు, చివర్లో మారతాయి కూడా. రానూపోనూ ఓడ పెట్టుకుంటే సెలవంతా నీళ్ల మీదే అయిపోతుంది. సముద్రం మీద మక్కువ ఉంటే ఫిబ్రవరి, మార్చిలో ఒకవైపు ఓడ, మరోవైపు హైదరాబాద్ విమానం అన్నది సబబైన లెక్క.

ప్యాకేజీ కాగితం చేతికొచ్చాక చూడాల్సింది రోజుల వరస. చాలావాటిలో మొదట పోర్ట్ బ్లెయిర్ చూపించి, చివరి రాత్రి హావ్‌లాక్‌లో పెట్టి, మర్నాడు పొద్దున బోటు, మధ్యాహ్నం విమానం అని రాస్తారు. దీన్ని ఒప్పుకోవద్దు. దిగిన రోజో, మర్నాడు పొద్దున్నో నేరుగా హావ్‌లాక్, అక్కడ మూడు రాత్రులు, నీల్‌లో ఒకటో రెండో, చివరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా మార్పించండి. సెల్యులార్ జైలు, రాస్ దీవి చివర్లో చూస్తే మునిగిపోయేదేమీ లేదు. ఒక రోజు బోటు రద్దయినా విమానం తప్పిపోదు. రద్దయితే బోటు కంపెనీ డబ్బు వెనక్కిస్తుంది, లేదా మర్నాటి సీటు ఇస్తుంది. హోటల్, విమానం నష్టం మాత్రం మీదే. బయల్దేరే ముందు మూడు రోజుల నుంచీ వాతావరణ శాఖ పోర్ట్ బ్లెయిర్ కేంద్రం బులెటిన్ చూస్తూ ఉండండి. గాలి గంటకు 20 కిలోమీటర్ల లోపుంటే నిశ్చింత. మత్స్యకారులు వేటకు వెళ్లొద్దన్న హెచ్చరిక, 40 నుంచి 50 కిలోమీటర్ల గాలి అన్న మాట కనిపిస్తే ఒక రోజు ముందే దీవి దాటి వచ్చేయడం మంచిది.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ నుంచి వెళ్లే జాలీ బాయ్ దీవి కూడా జాబితాలో ఉంటే అది దాదాపు నవంబరు నుంచి మే దాకానే తెరుస్తారు, మిగతా నెలల్లో రెడ్ స్కిన్ దీవికి తీసుకెళ్తారు. రెండింట్లో జాలీ బాయ్ పగడాలే మేలు. సోమవారం సెలవు. ప్లాస్టిక్ సీసాలు లోపలికి రానివ్వరు, స్టీలు సీసా ఇంటి నుంచే పట్టుకెళ్లండి. మార్చి ప్రయాణానికైతే ప్రైవేటు బోటు సీట్లు జనవరి చివర్లో, సంక్రాంతికైతే నవంబరు చివర్లో తీసుకుంటే కోరిన వేళ దొరుకుతుంది. టికెట్టు మీద పేరు, చేతిలో ఉన్న గుర్తింపు కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటే బుక్ చేసేటప్పుడే సరిచేయించుకోండి.