టార్చ్ ప్యాకేజీ: ఎనిమిది పరీక్షలున్నాయి, ముఖ్యమైన మూడు లేవు

గర్భం నిలిచిందని తెలియగానే చాలా ప్రైవేటు ల్యాబులు చూపించే ధరల పట్టికలో టార్చ్ ప్యాకేజీ ఒకటి. ధర ల్యాబును బట్టి రెండు వేలకు అటూ ఇటూ. పరగడుపున వెళ్లక్కర్లేదు, ఒక్కసారి రక్తం ఇస్తే చాలు. టాక్సోప్లాస్మా (ఒక పరాన్నజీవి), రుబెల్లా, సీఎంవీ (సైటోమెగలోవైరస్), హెర్పిస్ అనే నాలుగింటికి ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీల (జబ్బును ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యేవి) చొప్పున మొత్తం ఎనిమిది పరీక్షలు చేస్తారు. తల్లి నుంచి బిడ్డకు సోకేవన్నీ ఇందులో తేలిపోతాయని నమ్మి కొంటారు. జ్వరం, దద్దుర్లు, స్కానింగ్‌లో తేడా ఏవీ లేని గర్భిణికి ఈ ప్యాకేజీ దండగ అని మా అభిప్రాయం. కొందరికి హాని కూడా చేస్తుంది.

హాని ఐజీఎం దగ్గర మొదలవుతుంది. ఐజీజీ ఉంటే ఆ జబ్బు ఎప్పుడో సోకిందని, లేదా రుబెల్లా అయితే టీకా పడిందని అర్థం. ఐజీఎం ఉంటే ఈమధ్య సోకి ఉండవచ్చని మాత్రమే. రిపోర్టులో ఆ ‘ఉండవచ్చు’ కనిపించదు, పాజిటివ్ అని ముద్దక్షరాల్లో ఉంటుంది. టాక్సోప్లాస్మా ఐజీఎం ఏడాది దాటినా రక్తంలో మిగిలి ఉండగలదు. వేరే వైరస్ సోకినా, రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం ఉన్నవాళ్లలో తరచూ కనిపించే యాంటీబాడీ) ఉన్నా రుబెల్లా ఐజీఎం తప్పుగా పాజిటివ్ రావచ్చు. వెయ్యి మంది గర్భిణుల్లో నిజంగా కొత్తగా సోకింది ఇద్దరికనీ, కిట్ నూటికి ఇద్దరిని తప్పుగా పాజిటివ్ అంటుందనీ అనుకుందాం. అప్పుడు పాజిటివ్ వచ్చేది 22 మందికి, వాళ్లలో 20 మందికి ఏమీ లేదు. మన దేశంలో సీఎంవీ చాలామంది ఆడవాళ్లకు చిన్నతనంలోనే సోకి ఉంటుంది కాబట్టి దాని ఐజీజీ పాజిటివ్ రావడం మామూలే.

టాక్సోప్లాస్మా లేదా సీఎంవీ ఐజీఎం పాజిటివ్ వస్తే ముందు అదే నమూనాతో ఐజీజీ అవిడిటీ (ఐజీజీ క్రిమిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసే పరీక్ష, పాతబడేకొద్దీ పట్టు పెరుగుతుంది) చేయించాలి. మొదటి 12 వారాల్లో అవిడిటీ ఎక్కువగా ఉంటే సోకింది గర్భానికి ముందే, కంగారు పడనక్కర్లేదు. తక్కువగా ఉన్నంత మాత్రాన కొత్తదని రుజువు కాదు. 20వ వారం దాటాక చేయిస్తే ఏ ఫలితం వచ్చినా పెద్దగా తేలేదేమీ ఉండదు. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ రక్తం ఇస్తే, పాతదీ కొత్తదీ ఒకే ల్యాబులో, ఒకేసారి పోల్చి చూడాలి. బిడ్డకు సోకిందా లేదా అన్నది ఉమ్మనీటి పీసీఆర్‌తోనే తేలుతుంది. టాక్సోప్లాస్మాకు 18 వారాలు, సీఎంవీకి 21 వారాలు నిండాకే ఆ పరీక్ష చేస్తారు. ఒక్క ఐజీఎం కాగితం చూసి గర్భం తీయించుకోవడం ఎంతమాత్రం తగదు.

వరుసగా గర్భాలు పోతున్నవాళ్లకూ ఈ ప్యాకేజీయే రాస్తుంటారు. ఈ జబ్బులు పదేపదే గర్భస్రావానికి కారణం కావు. ఆ డబ్బు యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలకు (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీలను వెతికేవి) పెడితే మేలు. ఇక హెర్పిస్ రక్తపరీక్షతో గర్భిణికి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. కానుపు సమయంలో పుండ్లు ఉన్నాయా అన్నది డాక్టరు చూసి తెలుసుకోవాలి.

ఈ ఎనిమిదిలో డబ్బుకు తగినది రుబెల్లా ఐజీజీ ఒక్కటే, అదీ గర్భానికి ముందు చేయిస్తేనే. రక్షణ లేకపోతే టీకా వేయించుకుని నెల రోజులు ఆగి గర్భం ధరించాలి. కడుపుతో ఉండగా ఆ టీకా వేయరు. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మొదలైన మీజిల్స్ రుబెల్లా టీకా కార్యక్రమం 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకే. అప్పటికే ఆ వయసు దాటినవాళ్లు గర్భానికి ముందు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి, ఎందుకంటే మొదటి 12 వారాల్లో రుబెల్లా సోకితే బిడ్డ గుండెకు, కళ్లకు, చెవులకు ముప్పు చాలా ఎక్కువ.

ఈ ప్యాకేజీలో మాకు మింగుడుపడనిది అందులో లేని వాటి సంగతే. చికిత్సతో బిడ్డకు సోకకుండా దాదాపు పూర్తిగా ఆపగలిగినవి హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి. ఈ మూడూ టార్చ్ ప్యాకేజీలో సాధారణంగా ఉండవు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగానే చేస్తారు. మొదటి చెకప్‌లోనే అడిగి చేయించుకుని, మూడు ఫలితాలూ తల్లీబిడ్డ కార్డులో రాయించుకోవాలి.

సిఫిలిస్‌కు వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్ష చేస్తారు. జబ్బు బలంగా ఉన్నప్పుడు రక్తాన్ని పలుచన చేయకుండా చూస్తే తప్పుగా నెగెటివ్ రావచ్చు, కాబట్టి అనుమానం ఉంటే పలుచన చేసి చూడమని అడగాలి. తొలిదశలో మందు 24 లక్షల యూనిట్ల బెంజథైన్ పెన్సిలిన్, కండకు ఒక్క మోతాదు. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. కానుపుకు కనీసం 30 రోజుల ముందు మొదలవ్వాలి. ఎరిత్రోమైసిన్ మాయను సరిగా దాటదు కాబట్టి తల్లికి ఇచ్చినా బిడ్డకు నయం చేయదు. భర్తకూ చికిత్స చేయకపోతే మళ్లీ సోకుతుంది.

హెచ్ఐవీ తేలితే ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణచిపెట్టే మందులు) బిళ్లలు ఆ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు, జీవితాంతం వాడాలి. బిడ్డకు పుట్టగానే నెవిరపిన్ సిరప్ మొదలుపెడతారు, ముప్పును బట్టి 6 వారాలో 12 వారాలో. మొదటి పరీక్ష 6 వారాలకు.

హెపటైటిస్ బి దగ్గర గడియారం చూసుకోవాలి. తల్లి రక్తంలో వైరస్ లోడు మి.లీ.కు 2 లక్షల యూనిట్లు దాటితే చివరి మూడు నెలల్లో టెనోఫోవిర్ అనే వైరస్ మందు ఇస్తారు. బిడ్డకు ఒక తొడకు టీకా, రెండో తొడకు 0.5 మి.లీ. ఇమ్యునోగ్లోబులిన్ (హెపటైటిస్ బిని అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు), రెండూ 12 గంటల్లోపు. ఆ ఇమ్యునోగ్లోబులిన్ ఖరీదైనది, అర్ధరాత్రి మందుల షాపులో దొరక్కపోవచ్చు. 36వ వారానికే ఆసుపత్రిలో ఉందో లేదో కనుక్కుని, లేకపోతే తెప్పించి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమనాలి. గడ్డకడితే పనికిరాదు. పుట్టిన వెంటనే బొడ్డు రక్తంతో చేసిన పరీక్షను నమ్మకూడదు. టీకాలన్నీ పూర్తయ్యాక 9 నుంచి 12 నెలల మధ్య హెచ్‌బీఎస్ యాంటిజెన్ (వైరస్ సోకిందా), యాంటీబాడీ (రక్షణ వచ్చిందా) రెండూ చూడాలి.